ఎడమ కాలు ఆనే సైకిల్

ఈమధ్య సైకిళ్ల పని నేర్చుకోవాలని చదువుకున్న పిల్లలు నా దగ్గరికి వస్తున్నారు. రోజూ ఆఫీసుకు సైకిల్ మీద పోయేవాళ్లకు వాళ్ల ఒంటికి తగిన బండి కట్టి ఇస్తామంటారు. ఏ గొట్టం వాడాలి, ఏ గేరు పెట్టాలి అని అడుగుతారు. తెలిసింది చెబుతాను. కాని గొట్టం, గేరు ఈ పనిలో చిన్న సంగతులు. పెద్ద సంగతి చెప్పడం మొదలుపెట్టగానే వాళ్ల ముఖాలు వాడిపోతాయి, ఏదో పని ఉందని లేచిపోతారు. అందుకే కూర్చుని రాస్తున్నాను. చదివాక కూడా ఈ పనిలోకి రావాలనిపిస్తే రండి. రాకపోయినా నేనేమీ అనుకోను.

గోదాంలో ఉన్నదే కొలత

మా నాన్న గుడివాడ దగ్గరివాడు. యాభై ఆరులో రాష్ట్రం ఏర్పడినప్పుడు సచివాలయంలో గుమాస్తాగా హైదరాబాద్ వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. నేను ఐటీఐలో ఫిట్టర్ కోర్సు చేసి, ఉద్యోగం దొరక్క, అబిడ్స్ సందులో ఒక సైకిల్ షాపులో చేరాను. గుమాస్తా కొడుకు సైకిళ్లకు గాలి కొడుతున్నాడని నాన్న చాలాకాలం నాతో సరిగ్గా మాట్లాడలేదు.

షాపు యజమాని శంకర్ సేఠ్. తాతల కాలం నుంచి ఈ ఊళ్లో వ్యాపారం చేస్తున్న కుటుంబం. వచ్చినవాడి భాషలో మాట్లాడేవాడు, వచ్చినవాడికి చాయ్ తెప్పించేవాడు. సైకిళ్లు విడి భాగాలుగా పెట్టెల్లో వచ్చేవి. మేము వాటిని బిగించి నిలబెట్టేవాళ్లం. కొనేవాడు పొడుగైనా పొట్టి అయినా గోదాంలో ఏ సైజు ఎక్కువ ఉంటే అదే వాడి సైజు. హ్యాండిల్ అందడం లేదని ఎవరైనా అంటే సేఠ్ నవ్వి, కొత్త చెప్పు కూడా మొదట కరుస్తుందనేవాడు. వాళ్లూ నవ్వి తీసుకుపోయేవారు.

కొన్నాళ్లకు అదే మనుషులు నడుము పట్టుకుని, మోకాలు రుద్దుకుంటూ కనిపించేవారు. వయసు మీద పడిందనుకునేవారు. వయసు కాదు, సీటు రెండంగుళాలు కిందికి ఉండటం. ఈ ఊళ్లో జనం సైకిల్ వదిలేసింది స్కూటర్లు వచ్చినందుకే అని అందరూ అంటారు. ఒంటికి సరిపడే సైకిల్‌ను వాళ్లకు ఎవరూ ఇవ్వలేదు, అందుకు కూడా వదిలేశారు. జీవితమంతా ఈ పని చేసి నాకు తేలిన మాట ఇది. ఇష్టం లేనివాళ్లు కాదనుకోవచ్చు.

నేను షాపు వెనక భాగంలో మెల్లగా మార్పులు మొదలుపెట్టాను. ఒకరికి హ్యాండిల్ ఎత్తు పెంచడం, ఇంకొకరికి ఎత్తు ఎక్కడం సులువుగా ఉండేలా పెడళ్ల దగ్గరి పళ్ల చక్రం చిన్నది వేయడం. అట్లా చేయించుకున్నవాళ్లు మళ్లీ వచ్చారు, చుట్టాలను తీసుకొచ్చారు. సేఠ్ అది గమనించి వెనక మూల నాకు వదిలేశాడు. బెంచీ, గొట్టాలు బిగించి పట్టే వైసు, ఫ్రేము నిలబెట్టే స్టాండు పెట్టించాడు. ఆ ఒక్క విషయంలో అతణ్ని ఈరోజుకీ గౌరవిస్తాను. మిగతావి ముందు ముందు రాస్తాను.

అరుణ

ఒకరోజు మధ్యాహ్నం ఒకామె షాపులోకి వచ్చింది. ముప్ఫయ్యేళ్ల లోపు ఉంటుంది. చిన్నప్పుడు పోలియో వచ్చి ఎడమ కాలు సన్నబడింది, కొంచెం పొట్టిగా కూడా ఉంది. ఎత్తు మడమ బూటు వేసుకుని, అడుగు వేసినప్పుడల్లా ఎడమ తొడ మీద చేయి ఆనించి నడుస్తోంది. పేరు అరుణ. నాంపల్లి స్టేషన్ వెనక సందుల్లో తల్లితో ఉంటుంది. బషీర్‌బాగ్‌లో ఒక కాలేజీ లైబ్రరీలో పని.

సేఠ్ ఆమెను చూడగానే చేత్తో తొక్కే మూడు చక్రాల బండి గురించి చెప్పడం మొదలుపెట్టాడు. ఆమె అతను చెప్పిందంతా విని, నా వైపు తిరిగింది.

"నాకు గా బండి వద్దన్నా. మా సందుల గంత పెద్దది పట్టది. పక్క చక్రాల స్కూటర్ గూడ పట్టది. నాకు రెండు చక్రాల సైకిల్ కావాలె. అయితదా, కాదా?"

ఎందుకని అడిగాను. బస్సు ఆమె ఎక్కేదాకా ఆగదు. ఆగినా ఎవరో రెక్క పట్టుకుని పైకి లాగాలి. ఆటోవాడు కూడా దిగి చేయి ఇవ్వబోతాడు. పొద్దున లేచింది మొదలు ఎవరినో ఒకరిని అడగడమే బతుకైపోయిందని చెప్పింది. ఆ చెప్పడంలో ఏడుపు లేదు, విసుగు ఉంది.

అవుతుందో కాదో చెప్పడానికి నాకు కొన్ని వారాలు పట్టింది. తొక్కడం కష్టం కాదు. ఎడమ వైపు పెడల్ కడ్డీ పొట్టిది వేసి, పాదం జారకుండా తోలు పట్టీ పెడితే కుడి కాలు పని లాగేస్తుంది. ఆగడమే కష్టం. మన రోడ్ల మీద సైకిల్ ఎడమ అంచున పోవాలి. ఆగితే అందరూ ఎడమ కాలు కింద పెడతారు. ఆమెకు ఆనని కాలు అదే. కుడి కాలు పెట్టాలంటే బస్సులు వచ్చే వైపు వాలాలి.

మామూలు సైకిల్‌కు సీటు దాదాపు పెడళ్ల పైన ఉంటుంది. ఆగాలంటే సీటు దిగాలి, లేదా ఒక్క కాలి వేళ్ల మీద నిలబడాలి. నేను సీటు గొట్టాన్ని వెనక్కి వాల్చి, సీటు బాగా కిందికి దించి, పెడళ్లను ముందుకు జరిపాను. అప్పుడు సీటు మీద కూర్చునే రెండు పాదాలూ నేల మీద పూర్తిగా ఆనించవచ్చు. ఒక పాత ఆడవాళ్ల సైకిల్ ఫ్రేము కోసి, నాంపల్లిలో ఇత్తడి అతుకు వేసే మనిషి దగ్గర కూర్చుని అతికించాను. మొదటి అతుకు పగిలింది, రెండోది నిలిచింది.

సేఠ్ దాన్ని చుట్టూ తిరిగి చూసి, "గిది సైకిలా, పడక కుర్చీయా?" అన్నాడు. నేను నవ్వాను. అరుణ మాత్రం దాని మీద కూర్చుని, రెండు పాదాలూ షాపు గచ్చు మీద పూర్తిగా ఆనించింది.

అబిడ్స్‌లో ఆదివారాలు

ఆదివారం అబిడ్స్‌లో షాపులు మూసి ఉంటాయి. పాత పుస్తకాలవాళ్లు వచ్చి మూసిన షట్టర్ల ముందు పుస్తకాలు పరిచేలోపు రోడ్డు ఖాళీగా ఉంటుంది. ఆమె సైకిల్ నేర్చుకుంది అక్కడే. తల్లి ఒక మూసిన షాపు మెట్ల మీద కూర్చుని చీర కొంగు నోట్లో పెట్టుకుని చూసేది.

నేను సీటు వెనక పట్టుకుని పరుగెత్తబోతే వదిలేయమంది. పడింది. మళ్లీ పడింది. నేను చేయి ఇస్తే, పడ్డప్పుడు లేవడం కూడా నేర్చుకోవాలి కదా అంది. ముందు సైకిల్‌ను లేపి, దాన్ని పట్టుకుని తాను లేచే ఒక పద్ధతి తనే కనిపెట్టుకుంది. అది నేను నేర్పింది కాదు. కొన్ని ఆదివారాలు గడిచాక ఒకరోజు పోస్టాఫీసు వైపు వెళ్లి, మలుపు తిరిగి, కనిపించకుండా పోయింది. తల్లి లేచి నిలబడింది. కాసేపటికి ఇంకో వైపు నుంచి వచ్చింది. చెమటతో తడిసిపోయి ఉంది. మా ముందు బ్రేకు వేసి, రెండు పాదాలూ కింద ఆనించి ఆగింది.

"ఎవర్ని అడగలే," అంది తల్లితో. అంతే.

ఆ తర్వాత కొన్నేళ్లు ఆమె రోజూ ఆ సైకిల్ మీదే పనికి వెళ్లింది. వానాకాలం కూడా. ఆమెను చూసి ఇంకొందరు వచ్చారు. నడుము ఆపరేషన్ అయిన పోస్ట్‌మన్, బాగా పొట్టిగా ఉండే ఒక టైలరు, ఒక చేయి పనిచేయని ప్రూఫ్‌రీడరు. ఒక్కొక్కరికీ ఒక్కో రకంగా కట్టాను. పడక కుర్చీ అని నవ్విన సేఠే ఇప్పుడు షాపు ముందు బోర్డు రాయించాడు, ఎట్లాంటి మనిషికైనా సైకిల్ కట్టి ఇస్తామని. ఎవరైనా పెద్దమనిషి వస్తే వెనక్కి తీసుకొచ్చి నా బెంచీ చూపించి, ఇదంతా తన ఆలోచన అని చెప్పేవాడు. నేను పట్టించుకోలేదు. పని దొరుకుతోంది కదా అనుకున్నాను.

మలుపు

నాంపల్లి నుంచి వచ్చే రోడ్డులో ఒక మలుపు దగ్గర, పొద్దున పనికి పోతుండగా ఆమెను బస్సు కొట్టింది. ఏదో కంపెనీ ఉద్యోగులను తీసుకుపోయే ప్రైవేటు బస్సు. ఆమె ఎడమ అంచునే పోతోంది. బస్సు ఆమెను దాటి, ఒక్కసారిగా ఎడమకు తిరిగింది. వెనక చక్రం ఆమె కుడి కాలి మీదుగా పోయింది. ఉన్న ఒక్క మంచి కాలు.

దవాఖానకు వెళ్లాను. కాలు తీసేయలేదు, కాని మోకాలు ఇక వంగదన్నారు. తల్లి నన్ను చూసి ముఖం తిప్పుకుంది. ఆమెను తప్పు పట్టలేను. అరుణ మాత్రం సైకిల్ ఎక్కడుందని అడిగింది. పోలీసులు తీసుకుపోయారని చెప్పాను. బ్రేకులు బాగానే ఉన్నాయని వాళ్లతో చెప్పమంది. చెప్పాను. పోలీసులు పరీక్ష చేయించారు. బ్రేకులు, చక్రాలు, అతుకులు అన్నీ సరిగ్గానే ఉన్నాయని తేలింది.

అంతటితో నాకు ధైర్యం వచ్చింది. బండి బాగుంది, ఆమె తన దారిన పోతోంది, తిరిగింది బస్సు. ఇంకేం కావాలి అనుకున్నాను.

సేఠ్ చెప్పమన్న మాట

నష్టపరిహారం కేసు నడిచింది. బస్సు వాళ్ల తరఫు లాయరు ఒకరోజు షాపుకు వచ్చి, సైకిల్ కట్టినవాళ్లను కూడా కేసులోకి లాగుతామని సేఠ్‌తో చెప్పి వెళ్లాడు. ఆ సాయంత్రం సేఠ్ నన్ను పిలిచి తలుపు వేశాడు. నాకోసం చాయ్ తెప్పించాడు. అన్నేళ్లలో అతను నాకోసం విడిగా చాయ్ తెప్పించింది అదొక్కసారే.

"ప్రసాద్, జర సమఝ్ చేస్కో. గా సైకిల్ నువ్వు ఇంటికాడ కట్టినవ్. షాపుకు తెల్వదు. గిదొక్కటే చెప్పు. ఆమెకు అన్యాయం చెయ్యమంటలే."

నేను ఆ బోర్డు సంగతి అడిగాను. బోర్డు తీసేయించానన్నాడు. బయటికి వచ్చి చూస్తే నిజంగానే లేదు. దాని చుట్టూ గోడ రంగు వెలిసి, అది ఉన్న చోటు మాత్రం కొత్తగా ఉంది.

ఇప్పుడు ఈ పనిలోకి వచ్చేవాళ్లు సేఠ్‌ను దుర్మార్గుడనుకోవద్దు. అతను భయపడ్డాడు. తాతల నాటి షాపు, ముగ్గురు తమ్ముళ్ల కుటుంబాలు దాని మీద బతికేవి. పేరు వచ్చేటప్పుడు పని తనది, కష్టం వచ్చేటప్పుడు పని నాది. పదిమంది యజమానుల్లో తొమ్మిదిమంది ఇంతే. మీ యజమాని మంచివాడో కాదో తెలుసుకోవాలంటే అతను మెచ్చుకునే రోజున చూడకండి, లాయరు వచ్చి వెళ్లిన రోజున చూడండి.

షాపులోనే కట్టానని చెబుతానన్నాను. అయితే నీ ఇష్టం అన్నాడు. చాయ్ చల్లారిపోయింది.

బోనులో

కోర్టులో నన్ను ఆమె తరఫు లాయరు పిలిపించాడు. అతను అడిగినవాటికి బాగానే చెప్పాను. సీటు ఎందుకు దించామో, ఎడమ కాలు ఎట్లా ఆనుతుందో వివరంగా చెప్పాను. అది నిజానికి మామూలు సైకిల్ కంటే క్షేమమని చెప్పాను. అరుణ చక్రాల కుర్చీలో కూర్చుని వింటోంది.

తర్వాత బస్సు వాళ్ల లాయరు లేచాడు. మంచి మనిషిలా మాట్లాడాడు. నన్ను ఏకవచనంతో పిలవలేదు.

"ఈ సైకిల్ ఏ కంపెనీ తయారు చేసిందండీ?"

"మేమే కట్టాం."

"ఎవరి అనుమతితో?"

సైకిల్‌కు అనుమతి అక్కర్లేదని చెప్పాను. చట్టం సంగతి తాను అడగడం లేదన్నాడు. రోడ్డు మీదికి పంపే ముందు దీన్ని ఎవరు పరీక్షించారో చెప్పమన్నాడు.

"ఆమే. రోజూ తొక్కేది. కొన్నేళ్లు తొక్కింది," అన్నాను.

"అంటే పరీక్ష రోడ్డు మీదే జరుగుతూ ఉందన్నమాట," అన్నాడు అతను. "ఆరోజు కూడా."

దానికి ఏం చెప్పి ఉండాల్సిందో ఇన్నేళ్లుగా ఎన్నో రకాలుగా అనుకున్నాను. అన్నీ ఇంట్లో గోడకు చెప్పడానికే పనికొస్తాయి. అతని తర్వాతి ప్రశ్న ఆమె కాలు గురించి. అట్లాంటి కాలున్న మనిషి ప్రమాదంలో చటుక్కున దూకి తప్పించుకోగలదా అన్నాడు. బస్సు వెనక చక్రం కింద నుంచి ఎవరూ దూకలేరని చెప్పాను. కాలు సంగతి మాత్రమే చెప్పమన్నాడు. దూకడం ఆమె వల్ల కాదు అన్నాను. చాలు అన్నాడు.

మరో రోజు శంకర్ సేఠ్ వచ్చి, ఆ మార్పు తన షాపులో తనకు తెలియకుండా జరిగిందని చెప్పి వెళ్లాడు. నా ముందు నుంచే నడిచి వెళ్లాడు. తల తిప్పలేదు.

తీర్పులో బస్సు డ్రైవరు నిర్లక్ష్యం ఉందన్నారు. అయితే మార్పులు చేసిన సైకిల్ మీద, అట్లాంటి కాలుతో, అంత రద్దీలోకి వచ్చినందుకు సగం బాధ్యత అరుణదే అన్నారు. పరిహారం సగానికి తగ్గింది. కోర్టు బయట వేపచెట్టు కింద ఆమె లాయరు పైకోర్టు గురించి చెబుతున్నాడు. ఆమె వినడం లేదు. నేను దగ్గరికి వెళ్తే నెమ్మదిగా అంది.

"నేను ఇంట్ల కూసుంటే ఒక్క శాతం గూడ నా తప్పు లేకుండె గదన్నా. బయటికొచ్చిన, గదే సగం."

పైకోర్టుకు వెళ్లలేదు. కోర్టుకు వచ్చినప్పుడల్లా ఆ మెట్లు ఆమెను ఎవరో ఒకరు ఎత్తుకుని ఎక్కించాలి.

సందులో షాపు

తీర్పు రాకముందే సేఠ్ నన్ను పంపించేశాడు. నాంపల్లిలో ఒక సందులో చిన్న చోటు కిరాయికి తీసుకుని పంక్చర్లు, బ్రేకు వైర్లు, చైన్లు చూసుకున్నాను. గొట్టం కోసే పని మానేశాను. ఎవరైనా అడిగితే రాదనేవాణ్ని. ఊళ్లో మెట్రో వచ్చింది. సైకిళ్లకు ప్రత్యేకంగా దారులన్నారు, రంగు వేశారు, కొన్నాళ్లకు వాటి మీద కార్లు నిలబెట్టుకున్నారు. సైకిల్ ఆరోగ్యానికి మంచిదని గోడల మీద బొమ్మలు వేశారు. ఆ బొమ్మల్లో తొక్కేవాళ్లందరికీ రెండు కాళ్లూ బాగానే ఉన్నాయి.

రెండేళ్ల కిందట అరుణ రెండు చేతుల్లో కర్రలతో నా షాపుకు వచ్చింది. వెంట ఒక అమ్మాయి, అమ్మాయి తండ్రి. అమ్మాయి పేరు స్వప్న. అరుణ పనిచేసే కాలేజీలో డిగ్రీ చివరి సంవత్సరం. ప్రమాదంలో దెబ్బ తిని ఆమెకూ ఎడమ కాలికే బలం పోయింది. అరుణ నాకు ఏమీ వివరించలేదు. ఈమెకు కట్టాలి అంది.

నేను చేయనన్నాను. కోర్టులో ఏమన్నారో నాకంటే నీకే బాగా తెలుసు అన్నాను. ఆమె కర్రలు గోడకు ఆనించి స్టూలు మీద కూర్చుంది.

"కొన్నేండ్లు నేను తిరిగిన గద. అది ఎవరి తీర్పుతోని పోదు. కట్టు."

కట్టాను. చేతులు మర్చిపోలేదు. ఈసారి గొట్టం మంచిది దొరికింది, అతుకు కూడా శుభ్రంగా వచ్చింది. వెనక పెద్ద లైటు, ఎడమా కుడీ అద్దాలు పెట్టాను. స్వప్న త్వరగా నేర్చుకుంది. తీసుకుపోయే రోజున తండ్రి వచ్చి చేతులు జోడించాడు. ఆయనకు ఎవరో పాత కేసు సంగతి చెప్పారట.

"మీ పనిల తప్పు లేదు సార్. రేపేమన్న అయితే మా బిడ్డదే తప్పంటరు. కాలు ఖరాబైన బాధ చాలు మాకు. గా మాట గూడ పడలేం."

ఆయన చెప్పింది నిజం. నేను బోనులో నిలబడి విన్న నిజం. వాళ్లు వెళ్లిపోయారు. సైకిల్ షాపులో ఉండిపోయింది. ఒకరి కొలతకు కట్టింది ఇంకొకరికి పనికిరాదు. ఎవరైనా చూసి బాగుందని ఎక్కి కూర్చుని, వెంటనే దిగేసేవారు.

డిగ్రీ పరీక్షలు అయిపోయాక స్వప్న ఒక్కతే వచ్చింది. ఒక ఆఫీసులో ఉద్యోగం దొరికిందట. నాన్నకు చెప్పావా అని అడిగాను. చెప్పాను, రెండు రోజులు అన్నం తినలేదు, మూడో రోజు తిన్నాడు అంది. నేను ఆమెను కూర్చోబెట్టి జరిగిందంతా చెప్పాను. లాయరు ఏమడుగుతాడో, సాక్షి ఏం చెప్పలేకపోతాడో, తీర్పులో ఏం రాస్తారో ఒక్కటీ దాచకుండా చెప్పాను. ఈ పనిలోకి వచ్చేవాళ్లు కూడా ఇది చేయాలి. సైకిల్‌తో పాటు ఈ మాటలు కూడా ఇవ్వాలి. ఇవ్వకుండా బండి మాత్రం ఇస్తే అది వ్యాపారం.

ఆమె అంతా విని, టైర్లలో గాలి ఉందా అని అడిగింది.

గాలి కొట్టి ఇచ్చాను. సందు చివర మెయిన్ రోడ్డు దాకా పక్కన నడిచాను. అక్కడ ఆగి, రెండు పాదాలూ ఆనించి, కుడి వైపు చూసి, ఖాళీ దొరకగానే బండ్లలో కలిసిపోయింది. నేను ఇంకో షాపు మెట్టు ఎక్కి నిలబడ్డాను. ఆమె ఎట్లా తొక్కుతోందో, సీటు ఎత్తు సరిపోయిందో, పట్టీ జారుతోందో చూడాల్సిన మనిషిని నేను. అవేవీ చూడలేదు. ఆమె వెనకాల వస్తున్న బస్సును చూస్తూ నిలబడ్డాను, అది దాటిపోయేదాకా. దాని వెనక ఇంకొకటి వస్తోంది.